పథ్యం, పాథేయం, ఆతిథేయం



సంస్కృతంలో 'పథిన్' అంటే దారి. ఆ శబ్దం నుంచి మన భాషలోకి రెండు తిండిమాటలు వచ్చాయి. ఒకటి పాథేయం. దీన్నే మన పెద్దలు దారిబత్తెం అన్నారు. రెండవది పథ్యం. మొదటిది బయలుదేరినవాడి తిండి, రెండవది మంచం పట్టినవాడి తిండి అని మన వాడుక. కాని వ్యాకరణం ఈ రెంటినీ ఇంత దూరంగా కూర్చోబెట్టలేదు. అష్టాధ్యాయి నాలుగవ అధ్యాయం నాలుగవ పాదంలోనే రెంటికీ సూత్రాలున్నాయి. దారినుంచి తొలగిపోనిది పథ్యం. దారికి పనికివచ్చేది పాథేయం. ఇంకొక విశేషం కూడా ఉంది. పాథేయాన్ని సాధించే సూత్రమే 'అతిథి' శబ్దం నుంచి ఆతిథేయాన్ని కూడా సాధిస్తుంది. అంటే బాటసారి మూటలోని అన్నమూ, అతనికి గృహస్థు పెట్టే అన్నమూ పాణిని దృష్టిలో ఒకే ప్రత్యయపు బిడ్డలు.

ముప్పయి మూడేళ్ళు పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి గనుక మాటలతో మొదలుపెట్టాను. విషయం మాత్రం మాటలది కాదు, కడుపుది. పొట్ట నిలకడగా లేని మనిషి ప్రయాణం చేయాలంటే ఏం తినాలి, ఎలా తినాలి అన్న ప్రశ్నకు మనవాళ్ళు రెండు శతాబ్దాలుగా ఏమేమి జవాబులు వెతుక్కున్నారో ఈ టపాలో నాకు తెలిసినంత మేరకు చెప్పదలచాను.

ఇప్పుడే ఎందుకంటే, దానికొక కారణముంది. మా చెల్లెలి మనుమరాలికి పద్నాలుగేళ్ళు. నిరుడు పరీక్షలు చేయించగా సీలియాక్ వ్యాధి అని తేలింది. గోధుమ రవ్వంత కడుపులో పడినా చిన్నపేగు లోపలి పొర దెబ్బతింటుంది. ఈ శీతకాలంలో బడి పిల్లలను కాశీ, ప్రయాగ తీసుకువెడుతున్నారు. తిండి సంగతి మేము చూడలేమని బడివారు చెప్పేశారు. ఇంట్లో అందరూ మానిపించడమే మేలన్నారు. "తాతయ్యా, నాకు జబ్బు కడుపుకా, కాళ్ళకా?" అని ఆ పిల్ల నన్నడిగింది. ముప్పయ్యేళ్ళుగా గ్రహణితో కాపురం చేస్తున్న నాకు ఆ మాట గుచ్చుకుంది.

గ్రహణి అన్నాను. ఈ పేరు జబ్బుకంటె ముందు ఒక అవయవానికి ఉంది. నాభికి పైన ఉండి, అన్నాన్ని పట్టి ఉంచి, పక్వమయ్యాక కిందికి విడిచేది గనుక గ్రహణి అని చరకసంహిత చెబుతుంది. చికిత్సాస్థానంలో పదిహేనవ అధ్యాయమంతా దీని గురించే. అక్కడ మజ్జిగకు పెద్దపీట వేశారు. ఇంట్లో కూర్చున్న రోగికి ఇది బాగానే ఉంటుంది. రోజూ కవ్వం, రోజూ కుంపటి, పక్కన వండిపెట్టే ఇల్లాలు. బాటలో ఇవేవీ ఉండవు. అందువల్లనే పథ్యం అనే మాట క్రమంగా గడప దాటడం మానేసింది. "వాడికి పథ్యం, ఎక్కడికీ రాడు" అనడం మన ఊళ్ళలో ఎన్నిసార్లు విన్నామో!

అయినా మన పూర్వులు ప్రయాణాలు చేశారు. 1830వ సంవత్సరం మే 18న చెన్నపట్టణం నుంచి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారిని బ్లాగ్లోకంలో ప్రత్యేకించి పరిచయం చేయనక్కరలేదు. సుప్రీంకోర్టులో దుబాసీగా ఉండిన ఆయన సుమారు నూరుగురు పరివారంతో హైదరాబాదు, నాగపురం, ప్రయాగల మీదుగా కాశీకి వెళ్ళి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, తూర్పు తీరం వెంట తిరిగివచ్చారు. ఆయన రాసిన వివరాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారు 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చువేయించారు. ఆ పుస్తకాన్ని నేను చాలాసార్లు చదివాను. పొట్ట బాగాలేనివాడి కళ్ళతో చదివితే అది మరొక పుస్తకంలా కనబడుతుంది. ఈ మజిలీలో బావి ఉందా, చెరువా; అంగళ్ళున్నాయా; బియ్యం పప్పులు దొరుకుతాయా; దిగడానికి నీడ ఉందా. ఊరి తరువాత ఊరు ఆయన గమనిస్తూ పోయిన సంగతులివి. దేవాలయాలు, క్షేత్రమాహాత్మ్యాలు ఎంత ముఖ్యమో బాటసారికి ఇవీ అంత ముఖ్యమే.

ఆ కాలపు ప్రయాణానికి ఒక సుగుణం ఉంది. అది నెమ్మదిగా సాగేది. బోయీలు పల్లకీ దించేదాకా నడక, దించాక వంట. దీనికే స్వయంపాకమని పేరు. సత్రాలలో కూడా వండిన అన్నం తినని వారికి బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, కట్టెలు ఇచ్చే ఏర్పాటు ఉండేది. స్వయంపాకం చేసుకునేవాడు ఆచారం కోసమే చేసుకుని ఉండవచ్చు. కడుపుకు మాత్రం దానివల్ల రెండు లాభాలు కలిగాయి. తినేది కళ్ళముందు ఉడికింది. ఉడికిన వెంటనే, పొగలు పోకముందే విస్తట్లో పడింది. పాథేయం కూడా అలాగే ఉండేది. అటుకులు, పేలపిండి, కందిపొడి, శొంఠి, వాము, ఎండిన ఊరగాయ. అన్నీ తడిలేనివో, పులుపో ఉప్పో దండిగా ఉన్నవో. తడి లేనిచోట, పులుపు ఎక్కువైనచోట సూక్ష్మజీవులు పెరగడం కష్టమని తరువాత శాస్త్రం చెప్పింది. మన అమ్మమ్మలకు ఆ శాస్త్రం తెలియకపోయినా ఏది నిలవ ఉంటుందో, ఏది ఉండదో తెలుసు.

ఐతే ఆ పద్ధతిలో ఒక పెద్ద కన్నం ఉంది. అది నీరు. మడి మనిషి చేతిని దూరంగా ఉంచింది కాని నీటిలోని క్రిమిని దూరంగా ఉంచలేదు. బియ్యం ఉడికిన నీళ్ళు మరిగాయి. దాహానికి తాగిన నీళ్ళు మరగలేదు. పైగా అవి పుణ్యతీర్థాలు. కాచి తాగడమన్న ఆలోచనే రాదు. 1867లో హరిద్వార కుంభమేళాకు వచ్చిన లక్షలాది యాత్రికులు ఇళ్ళకు మరలుతూ కలరాను ఉత్తర హిందూస్థానమంతటా వెంట తీసుకుపోయారు. కలరా నీటివల్ల వస్తుందని 1854లోనే లండనులో జాన్ స్నో నిరూపించాడు. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో పనిచేస్తూ అక్కడి రోగులలోనూ, ఒక చెరువు నీటిలోనూ ఆ క్రిమిని చూపించాడు. అంటే వీరాస్వామయ్యగారి తరంవారు సగం సురక్షితంగా తిన్నారన్నమాట. అన్నం విషయంలో మనకంటె జాగ్రత్త. నీటి విషయంలో దైవాధీనం.

తరువాత రైలు వచ్చింది. 1853లో బొంబాయిలో, 1856లో చెన్నపట్టణంలో. పదిహేను నెలల యాత్ర రోజుల్లోకి దిగింది. కాని పొట్ట బాగాలేనివాడికి రైలు ఒకటిచ్చి ఒకటి తీసుకుంది. వేగం ఇచ్చింది, పొయ్యి తీసుకుంది. పెట్టెలో కుంపటి రాజేయడానికి వీలులేదు. బండి ఆగిన కాసేపట్లో స్వయంపాకం కాదు. స్టేషన్లలో హిందువులకు వేరే నీళ్ళు, ముసల్మానులకు వేరే నీళ్ళు పెట్టారు. ఆ కుండ ఎవరిదని అందరూ అడిగారు. ఆ నీళ్ళు కాచారా అని అడిగినవాడు అరుదు. 1917లో గాంధీగారు మూడవ తరగతి ప్రయాణాల గురించి రాసిన చిన్న పుస్తకంలో, స్టేషన్లలో అమ్మే తినుబండారాల మురికినీ, టీ పేరుతో పోసే ద్రవాన్నీ వర్ణించిన తీరు చదివితే ఇవాళ్టికీ కడుపులో తిప్పుతుంది. మన మధ్యతరగతి ఇళ్ళు దీనికి కనిపెట్టిన ఉపాయం మరచెంబు, క్యారేజీ. మర బిగించిన ఇత్తడి చెంబుతో ఇంటి నీళ్ళు, గిన్నె మీద గిన్నెగా ఇంటి అన్నం. నా చిన్నతనంలో ఈ రెండూ లేకుండా రైలెక్కిన పెద్దమనిషిని నేను చూడలేదు.

క్యారేజీ గురించి ఒక హెచ్చరిక. పొద్దున వండిన అన్నం రాత్రిదాకా వెచ్చవెచ్చగా ఉండడం మంచిది కాదు. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చని అన్నంలో అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు పుట్టించే ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. 1970 దశకం తొలినాళ్ళలో బ్రిటనులో వేపుడన్నం తిన్నవారికి వరుసగా వాంతులు కావడంతో ఈ గుట్టు బయటపడింది. కనుక పులిహోర కట్టుకున్నా మొదటి పూటకే. రెండవ పూటకు అటుకులే నయం.

ఇక ఆతిథేయం సంగతి. దారి తిండికంటె చుట్టాల తిండి గడ్డుది. అంగడివాడికి వద్దని చెప్పవచ్చు. పెద్దమ్మకు చెప్పలేము. "ఒక్క గరిట! నా చేతి వంట తింటే ఏమీ కాదు" అంటుంది. 'నాకు పడదు' అన్న మాట మన భాషలో 'నువ్వు నాకు పడవు' అన్నట్టు వినబడుతుంది. ఈ చిక్కు గాంధీగారికీ వచ్చింది. ఆయన పండ్లు, గింజలు మాత్రమే తింటున్న రోజులవి. కలకత్తాలో భూపేంద్రనాథ్ బసుగారి ఇంట బస చేస్తే ఆ ఇంటి ఆడవారు రాత్రంతా మేలుకొని ఆయన కోసం గింజల పొట్టు తీశారట. మితాహారమే ఇతరులకు ఇంత భారమైతే ఎలాగని ఆయన మథనపడ్డారు. 1915లో హరిద్వార కుంభమేళాలో ఒక వ్రతం పట్టారు. హిందూదేశంలో ఉండగా రోజుకు అయిదు పదార్థాలకు మించి తినననీ, చీకటి పడ్డాక తినననీ. ఆ వ్రతంలోని ఆధ్యాత్మికతను కాసేపు పక్కన పెట్టండి. అతిథికీ గృహస్థుకూ మధ్య అదొక ఒప్పందం. ఏమి తినకూడదో చాంతాడంత చెప్పడానికి బదులు, తినేవి అయిదు ముందే చెప్పేయడం. పొట్ట బాగాలేని ప్రయాణికుడికి ఇంతకంటె మంచి సూత్రం నాకు తెలియదు.

ఇంతవరకూ జాగ్రత్తల చరిత్ర. మందు చరిత్రలో మన తెలుగువాడే ఉన్నాడు. ఉష్ణదేశాలలో చాలాకాలం ఉన్న తెల్లవారు కొందరు ఆగని విరేచనాలతో, పూసిన నాలుకతో, ఎముకలగూడులై ఇళ్ళు చేరేవారు. దీనికి స్ప్రూ అని పేరు; డచ్చివారి మాట. 1880లో చైనా తీరాన పాట్రిక్ మాన్సన్ దీన్ని వర్ణించాడు. మన గ్రహణికి ఇది దగ్గరి చుట్టం. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు తన యౌవనంలో ఇద్దరు సోదరులను కొద్ది రోజుల తేడాతో ఈ జబ్బుకే పోగొట్టుకున్నారు. తానూ దాని వాత పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. 1923లో అమెరికాకు వెళ్ళి హార్వర్డులో చేరింది ఉష్ణదేశపు వైద్యం చదవడానికే. అటు 1931లో లూసీ విల్స్ అనే వైద్యురాలు, బొంబాయి గర్భిణులలో కనిపించే ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతోందని వెల్లడించింది. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలింది. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావుగారి ఆధ్వర్యంలోని బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అది స్ప్రూ రోగులను నిలబెట్టింది. ఆయన కన్నుమూసిన 1948లోనే ఆరియోమైసిన్ అనే టెట్రాసైక్లిన్ మందు అదే ప్రయోగశాల నుంచి లోకానికి వెల్లడైంది. నేటికీ ఉష్ణదేశపు స్ప్రూకు ఈ రెండు తెగల మందులే ఆధారం. అన్నదమ్ములను తిన్న జబ్బుకు మందు దొరికింది చూశారా, దాన్ని ఏ పురాణంలో చెప్పినా అతిశయోక్తి అనేవాళ్ళం.

మా పిల్ల జబ్బు కథ వేరు. సీలియాక్ రోగానికి తిండిలోనే చికిత్స దొరకాలని 1888లో శామ్యూల్ గీ అన్నాడు కాని, ఏ తిండో చెప్పలేకపోయాడు. హాలెండులో విలెం డికే అనే పిల్లల వైద్యుడు గోధుమను అనుమానించాడు. 1944-45 చలికాలంలో అక్కడ ఘోరమైన కరువు వచ్చింది. రొట్టె దొరకలేదు. లోకమంతా చిక్కిపోతుంటే ఈ పిల్లలు తేరుకున్నారు. రొట్టె తిరిగి వచ్చాక మళ్ళీ పడకేశారు. 1950లో ఆయన తన సిద్ధాంత వ్యాసంలో గోధుమ పాత్రను స్థాపించాడు.

అన్నం తినే మనకు ఇంటిపట్టున ఇది పెద్ద కష్టం కాదు. ఇడ్లీ రవ్వ బియ్యానిది. ఉప్మా రవ్వ గోధుమది. సేమియా గోధుమదే. గోదావరి దాటి ఉత్తరానికి పోయేకొద్దీ గోధుమ పెరుగుతుంది. కనబడే రొట్టెను వదిలేయడం తేలిక. కనబడనిది కష్టం. డబ్బాల్లో అమ్మే ఇంగువపొడిలో చాలావాటికి గోధుమపిండి కలుపుతారు. సోయా సాసులో గోధుమ ఉంటుంది. పూరీలు వేగిన నూనెలోనే అప్పడం వేయిస్తారు. చపాతీ కాల్చిన పెనం మీదనే దోసె పోస్తారు. పొట్లం మీద పచ్చచుక్క ఉంటే శాకాహారమని తెలుస్తుంది గాని గోధుమ సంగతి తెలియదు. మన దేశపు నిబంధనల ప్రకారం గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు లోపు ఉండాలి. ఆ ముక్క ముద్రించి ఉందో లేదో చదవడమే రక్ష. ఉత్తరాదిలో ఒక వెసులుబాటు ఉంది. నవరాత్రులలో, ఏకాదశినాడు హోటళ్ళవారు వ్రతభోజనం పెడతారు. సగ్గుబియ్యం, ఆలుగడ్డ, పెరుగు. అందులో గోధుమ, ఉల్లి, వెల్లుల్లి ఉండవు. నావంటి వారికి ఉల్లి, వెల్లుల్లి పడకపోవడం తరచు. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం వారు వీటిలో పులిసే చక్కెరలే ఆ ఉబ్బరానికి మూలమని 2005 నుంచి చెబుతున్నారు. వ్రతం ఎవరి పుణ్యానికి పుట్టినా మనకు భోజనం దొరుకుతుంది.

ఎంత జాగ్రత్తపడ్డా ఒకనాడు విరేచనాలు పట్టుకోవచ్చు. మామూలు మనిషికి అది మూడు రోజుల ముచ్చట. కాని అటువంటి అంటుజబ్బు తగిలిన వారిలో సుమారు పదిమందికి ఒకరికి పేగుల చికాకు నెలల తరబడి, ఏళ్ళ తరబడి మిగిలిపోతుంది. కనుక మొదటి గంటలోనే నీరు పోగొట్టుకోకుండా చూడాలి. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో, సరిహద్దులోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైను సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్ళను డ్రమ్ముల్లో నింపి రోగులచేత తాగించాడు. నూటికి ముప్పయిమంది దాకా పోతున్నచోట నలుగురికి తగ్గింది. 2022లో ఆయన పోయారు; మరుసటి సంవత్సరం పద్మవిభూషణ్ వచ్చింది. పొట్లం దొరకనిచోట కాచి చల్లార్చిన లీటరు నీటిలో చదునుగా కొలిచిన ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. కొలత తప్పకూడదు. రక్తం పడినా, జ్వరం కాసినా, నీళ్ళు కూడా నిలవకపోయినా వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్ళాలి.

ఇదంతా చెల్లెలి ఇంట్లో చెప్పాను. రెండు రోజులు వాదన నడిచింది. "వీరాస్వామయ్యకు నూరుమంది ఉన్నారన్నయ్యా, దీనికెవరున్నారు?" అంది చెల్లెలు. సరైన ప్రశ్నే. స్వయంపాకం ఒంటరిగా చేసేది కాదు. వెనుక సత్రం ఉండేది, నీళ్ళు తోడేవాడు ఉండేవాడు. దీనికి జవాబుగా బడి ఉపాధ్యాయులలో ఒకామెతో మాట్లాడాము. బడి మాట బడిదేనని, తనంతట తాను ఆ పిల్ల పళ్ళెం చూసుకుంటానని ఆమె ఒప్పుకుంది. పిల్ల తండ్రి బస చేసే చోటికి ఫోను చేసి, విడిగా కడిగిన గిన్నెలో అన్నం వండగలరా అని అడిగాడు. వండుతామన్నారు. అడిగేదాకా అది సాధ్యమని ఎవరికీ తోచలేదు. ఆతిథేయం మన దేశంలో చావలేదు. దానికి ప్రశ్న సరిగా వేయాలి, అంతే.

చరకుడు పథ్యానికి చెప్పిన లక్షణంలో దేహమార్గాలకు హాని చేయకపోవడమే కాక, మనసుకు ప్రియంగా ఉండడం కూడా ఉంది. వైద్యులు మొదటి సగం చెబుతారు, ఇంటివారు రెండవ సగం మరిచిపోతారు. పద్నాలుగేళ్ళ పిల్ల తోటివారంతా గంగ చూసి వస్తుంటే కిటికీ పక్కన కూర్చుని తినే అన్నం, అందులో గోధుమ లేకపోయినా, చరకుడి లెక్కన పూర్తి పథ్యం కాదు.

సంచిలో పెట్టినవి ఇవి: రెండు కిలోల అటుకులు, వేయించిన పల్లీలు, ఇంట్లో ఇంగువ లేకుండా కొట్టిన కందిపొడి, అరటిపండ్లు దొరికేదాకా ఖర్జూరాలు, ఆరు ఉప్పు-గ్లూకోజు పొట్లాలు, మూత గట్టిగా బిగిసే స్టీలు సీసా, తన కంచం, తన చెంచా. వీటితోబాటు ఒక అట్టముక్క. దాని మీద పెద్ద అక్షరాలతో నేనే హిందీలో రాశాను. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ తింటే నాకు జబ్బు చేస్తుంది. అన్నం, పెరుగు, ఆలుగడ్డ, పప్పు, అరటిపండు తింటాను. దయచేసి ఇంగువ వేయకుండా, వేరే గిన్నెలో వండండి. లెక్కపెట్టి చూడండి, తినేవి సరిగ్గా అయిదు.